గురువుల గడపల ముందు అయోతీదాస్ పండితర్

1898లో మద్రాసు నుంచి కొలంబోకు ఒక సిద్ధ వైద్యుడు ప్రయాణమయ్యారు. అప్పటికి ఆయనకు 53 ఏళ్లు. వెంట పంచమ పిల్లల బడిలో పాఠాలు చెప్పే ఒక ఉపాధ్యాయుడు ఉన్నారు. వాళ్లను తీసుకెళ్తున్నది దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షుడు కల్నల్ హెన్రీ స్టీల్ ఆల్కాట్. వాళ్లు కలవబోతున్నది సింహళ బౌద్ధంలో ఆ కాలానికి ఎంతో పేరున్న భిక్షువు హిక్కడువే శ్రీ సుమంగళ నాయక థేరోను. ఆయన దగ్గర త్రిశరణాలు, పంచశీల స్వీకరించి ఆ వైద్యుడు మద్రాసుకు తిరిగొచ్చారు. ఆయన పేరు అయోతీదాస్ పండితర్.

బౌద్ధ దీక్ష అనగానే మనందరికీ 1956 అక్టోబర్ 14, నాగపూర్ గుర్తుకొస్తాయి. చంద్రమణి మహాథేరో దగ్గర బాబాసాహెబ్ అంబేద్కర్ దీక్ష తీసుకున్న రోజు అది. దానికి 58 ఏళ్ల ముందే దక్షిణాదిన ఒక అంటరాని కులస్థుడు ఇదే దారిలో నడిచాడన్న సంగతి మన సభల్లో ఎక్కువగా వినిపించదు. తమిళనాడులో కూడా ఆయన పేరు చాలా దశాబ్దాలు మరుగునే ఉంది. ఆయన రాతలను జి. అలోసియస్ సేకరించి 1999లో సంపుటాలుగా తెచ్చాకే కొత్త తరం ఆయన్ని చదవడం మొదలుపెట్టింది.

పండితర్ జీవితాన్ని చాలా వైపుల నుంచి చెప్పొచ్చు. ఆయన పత్రికా సంపాదకుడు, వైద్యుడు, రాజకీయ కార్యకర్త, చరిత్రను తిరగరాయడానికి పూనుకున్న పండితుడు. ఇక్కడ మేం ఒక్క దారిలోనే వెళ్తున్నాం. ఆయన తన జీవితంలో ఎంతమంది గురువుల గడప ముందు నిలబడ్డారు, ఎవరిని ఏమడిగారు, ఏం దొరికింది, ఏం దొరకలేదు అన్నదే ఈ వ్యాసం. ఊరి బయట ఉంచిన మనిషి మతగురువు దగ్గరికి వెళ్లడం అంటే ఏమిటన్న ప్రశ్న ఈ రోజుకీ మన ముందు ఉంది కాబట్టి ఇలా చెబుతున్నాం.

పేరు ఇచ్చిన గురువు

ఆయన 1845 మే 20న పుట్టారు. పరైయర్ కులం. ఇంట్లో పెట్టిన పేరు కాత్తవరాయన్. తమిళ పల్లెల్లో ఈ పేరుకు ఒక కథ ఉంది. పైకులపు అమ్మాయిని ప్రేమించినందుకు కొరత వేయించబడ్డ జానపద వీరుడు కాత్తవరాయన్. చంపినవాళ్ల ఊళ్లలోనే తర్వాత అతను దేవుడయ్యాడు. మన దగ్గర కూడా అన్యాయంగా చచ్చిపోయిన మాల మాదిగ బిడ్డలు వేపచెట్టు కింద రాళ్లై, వీరులై పూజలందుకోవడం తెలిసినవాళ్లకు ఈ పేరు బరువు తెలుస్తుంది.

ఆ పిల్లవాడికి చదువు చెప్పిన గురువు పేరు అయోతీదాస కవిరాజ పండితర్. ఆ గురువు దగ్గర తమిళ సాహిత్యం, వైద్యం, శాస్త్రాలు నేర్చుకున్నాడు. పెద్దయ్యాక గురువు మీద గౌరవంతో తన పేరునే మార్చుకుని ఆయన పేరు పెట్టుకున్నాడు. అలా కాత్తవరాయన్ అయోతీదాస్ అయ్యారు. తమిళంతో పాటు సంస్కృతం, పాళీ, ఇంగ్లీషు కూడా ఆయనకు వచ్చేవి.

అంటరాని కులంలో పుట్టినవాడికి 19వ శతాబ్దంలో ఈ చదువు ఎలా దొరికిందని మనలో చాలామందికి ఆశ్చర్యం కలుగుతుంది. మన వాడల్లో చదువే లేదన్న కథను మనం కూడా నమ్మేశాం కాబట్టే ఆ ఆశ్చర్యం. నిజానికి వైద్యం, జ్యోతిషం, పద్యం, తత్త్వం తెలిసిన మనుషులు ఈ కులాల్లో తరతరాలుగా ఉన్నారు. వాళ్ల దగ్గర తాళపత్రాలు ఉండేవి. లేనిదల్లా ఆ చదువుకు గుర్తింపు.

బట్లర్ ఇంట్లో తాళపత్రాలు

దీనికి పండితర్ ఇంట్లోనే సాక్ష్యం ఉంది. ఆయన తాత కందప్పన్ మద్రాసులో ఒక ఇంగ్లీషు దొర దగ్గర బట్లర్‌గా పనిచేసేవాడు. ఆ ఇంట్లో భద్రంగా దాచుకున్న తిరుక్కురళ్ తాళపత్రాలు ఆ బట్లర్ చేతుల మీదుగా కంపెనీ అధికారి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్‌కు చేరాయని పండితర్ తన పత్రికలో రాసుకున్నారు. కురళ్ అచ్చులోకి రావడం వెనుక తమ ఇంటి పాత్ర ఉందన్నది ఆయన గట్టి నమ్మకం.

ఈ ఎల్లిస్‌తో మనకూ సంబంధం ఉంది. 1816లో క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి ముందుమాట రాస్తూ తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టినవి కావని, వాటిది వేరే కుటుంబమని మొదటిసారి ఆధారాలతో చూపించింది ఆయనే. ద్రావిడ భాషా కుటుంబం అనే ఆలోచన అచ్చులో అలా తెలుగు వ్యాకరణం ముందుమాటలో మొదలైంది. ఆ పండితుడి పేరు విశ్వవిద్యాలయాల్లో వినిపిస్తుంది. ఆయనకు తాళపత్రాలు ఇచ్చిన బట్లర్ పేరు మాత్రం మనవడు రాయకపోతే మనదాకా వచ్చేదే కాదు.

కొండల్లో అద్వైతం, పాస్టర్‌తో పత్రిక

పండితర్ యవ్వనం చాలావరకు నీలగిరి కొండల్లో గడిచింది. 1870లలో అక్కడ అద్వైతానంద సభ అనే సంఘాన్ని పెట్టారు. క్రైస్తవ మిషనరీలకు పోటీగా అద్వైతాన్ని నిలబెట్టడం దాని ఉద్దేశం. అంటే తర్వాత హిందూమతాన్ని తిరస్కరించిన మనిషి మొదట ఆ మతం తత్త్వాన్నే భుజాన మోశారు. ఇది దాచాల్సిన సంగతి కాదు. మన కులాల్లో అచల సిద్ధాంతం, వేదాంతం, వీరశైవం పట్టుకుని తిరిగిన తాతలు ఎంతమంది లేరు! ఆత్మలన్నీ ఒకటే అనే మాట అంటరానివాడికి ఎంత తియ్యగా వినిపిస్తుందో వాళ్లకు తెలుసు. ఆ మాట చెప్పినవాళ్లే గుడి మెట్ల దగ్గర ఆపేసినప్పుడు ఎంత చేదుగా ఉంటుందో కూడా వాళ్లకే తెలుసు.

1880లలో ఆయనకు జాన్ రత్నం అనే పాస్టర్‌తో స్నేహం కుదిరింది. అంటరాని కులాల కోసం పనిచేస్తున్న క్రైస్తవ బోధకుడు ఆయన. ఇద్దరూ కలిసి 1885లో ద్రావిడ పాండియన్ అనే పత్రిక నడిపారు. ఒకప్పుడు మిషనరీలకు ఎదురు నిలిచిన మనిషి ఇప్పుడు పాస్టర్ పక్కన కూర్చుని పనిచేశారు. మతం మారలేదు, కానీ మతం కంటే ముందు జనం ఉన్నారని గ్రహించారు. మరుసటి ఏడాదే, 1886లో, తమ జనం హిందువులు కాదని ఆయన బహిరంగంగా ప్రకటించారు. 1891లో ద్రావిడ మహాజన సభను స్థాపించారు. జనాభా లెక్కల్లో తమను పరైయర్ అనో పంచములనో కాకుండా కులభేదం లేని ద్రావిడులుగా రాయాలని అడిగారు. పెట్టిన పేరుతో పిలిపించుకోవడానికి ఒప్పుకోకపోవడం ఆ రోజుల్లో చిన్న తెగింపు కాదు.

విక్టోరియా హాల్లో ఆ రోజు

1892లో మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాల్లో మద్రాసు మహాజన సభ సమావేశం జరిగింది. చదువుకున్న పెద్దలు, వకీళ్లు, జమీందార్లు కూర్చున్న సభ అది. నీలగిరి నుంచి ప్రతినిధిగా పండితర్ వెళ్లారు. తమ వాళ్లకు శివాలయాల్లోకి, విష్ణ్వాలయాల్లోకి ప్రవేశం ఎందుకు లేదని లేచి అడిగారు.

సభలో కలకలం రేగింది. శాస్త్రాలు తెలిసిన ఒక పెద్దమనిషి లేచి, శివుడూ విష్ణువూ మీ దేవుళ్లు కారని, మీకు మాడస్వామి, కరుప్పస్వామి లాంటి దేవుళ్లను వేరే ఇచ్చారని చెప్పాడు. ఆ మాటకు పండితర్ మారు మాట్లాడకుండా కూర్చోలేదు. అలాగైతే మీ దేవుళ్లు మాకు అక్కర్లేదని అక్కడే తేల్చేశారు. వెంటనే అడిగేది మార్చారు. తమ పిల్లలకు నాలుగో తరగతి దాకా ఉచితంగా చదువు చెప్పించాలని, ఊళ్లలో ఖాళీగా ఉన్న పోరంబోకు భూములు తమ వాళ్లకు ఇప్పించాలని కోరారు. ఆ రెండు కోర్కెలకు సభ ఒప్పుకుంది.

ఆ రోజు జరిగింది ఒకసారి నెమ్మదిగా తలుచుకుందాం. దేవుడిని అడిగితే కాదన్నారు. బడినీ భూమినీ అడిగితే సరేనన్నారు. భూమి ఇస్తామని కాగితం మీద రాయడం తేలిక, గర్భగుడి తలుపు తీయడం కష్టం అని వాళ్ల లెక్క. అదే ఏడాది చెంగల్పట్టు కలెక్టర్ ట్రెమెన్‌హీర్ నివేదిక ఆధారంగా మద్రాసు ప్రభుత్వం పంచములకు భూములు ఇచ్చే ఉత్తర్వు తెచ్చింది. ఆ పంచమి భూముల్లో చాలావరకు ఇప్పుడు ఎవరి చేతుల్లో ఉన్నాయో తమిళనాడు ఉద్యమకారులకు తెలుసు. అసైన్డ్ భూముల కోసం కొట్లాడే మనకూ తెలుసు.

విక్టోరియా హాల్ తర్వాత పండితర్ ఆలోచన ఇంకో వైపు తిరిగింది. మీ దేవుడు వేరే అని వాళ్లే అన్నారు కదా, మరి మా ధర్మం ఏది? ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ ఆయన పాత తమిళ గ్రంథాల్లోకి వెళ్లారు. నీతి పద్యాల్లో, నిఘంటువుల్లో, వైద్య గ్రంథాల్లో, ఊళ్ల పేర్లలో, పండుగల్లో ఆయనకు బుద్ధుడి జాడ కనిపించింది. తమ పూర్వీకులు బౌద్ధులని, వైదికులకు లొంగనందుకే వాళ్లను ఊరి బయటికి నెట్టి హీనుల్ని చేశారని ఆయన నిర్ణయానికి వచ్చారు.

అడయారు తలుపు

ఈ నిర్ణయంతో ఆయన అడయారులో ఉన్న ఆల్కాట్ దగ్గరికి వెళ్లారు. ఆల్కాట్ అమెరికా అంతర్యుద్ధంలో పనిచేసిన కల్నల్. 1880లో సింహళంలోని గాల్లో పంచశీల తీసుకుని బౌద్ధుడయ్యాడు. సింహళ బౌద్ధులకు బడులు పెట్టించాడు. మద్రాసులో పంచమ పిల్లల కోసం 1894లో ఉచిత పాఠశాల తెరిచాడు. అప్పట్లో పెద్దింటి పిల్లల బడుల దగ్గరికి కూడా మన పిల్లల్ని రానిచ్చేవాళ్లు కాదు. అలాంటి రోజుల్లో అది పెద్ద పని.

పండితర్ ఆయన్ని అడిగింది దానం కాదు, మత మార్పిడి కూడా కాదు. మేం ఇప్పటికే బౌద్ధులం, మధ్యలో మా ధర్మాన్ని పోగొట్టుకున్నాం, తిరిగి వెళ్లడానికి దారి చూపించమని అడిగారు. ఈ తేడా చాలా ముఖ్యం. మతం మారుతున్నానంటే కొత్త ఇంటికి అతిథిగా వెళ్లినట్టు. తిరిగి వెళ్తున్నానంటే సొంత ఇంటి తాళం అడిగినట్టు.

ఆల్కాట్ ఇబ్బందిలో పడ్డాడు. దివ్యజ్ఞాన సమాజంలో ఎక్కువమంది పైకులాల హిందువులు. వాళ్ల మధ్య ఉంటూ అంటరానివాళ్లను బౌద్ధంలోకి తీసుకెళ్తున్నాడన్న మాట పడితే సమాజం నిలవదు. అయినా ఆయన పక్కకు తప్పుకోలేదు. వాళ్లను కొలంబోకు తీసుకెళ్లాడు. ఆ మేరకు ఆయనకు మనం రుణపడి ఉన్నాం.

కానీ ఆ తలుపు ఎంత తెరుచుకుందో కూడా చూడాలి. 1907లో ఆల్కాట్ చనిపోయాక సమాజం అధ్యక్షురాలైన అనీ బిసెంట్ 1909లో అణగారిన వర్గాల గురించి ఒక వ్యాసం రాశారు. ఈ పిల్లలు ముందు శుభ్రత, మర్యాద నేర్చుకోవాలని, అప్పటిదాకా వాళ్లను మంచి ఇళ్ల పిల్లలతో కలిపి కూర్చోబెట్టకూడదని ఆమె వాదించారు. ఆ వ్యాసాన్ని తర్వాత అంబేద్కర్ తన పుస్తకంలో ఎత్తిచూపారు. ఒకే సంస్థ, ఒకే ఆవరణ. ఒక గురువు బడి పెట్టాడు, తర్వాత వచ్చిన గురువు ఆ బడి పిల్లల్ని వేరుగా కూర్చోబెట్టమంది. మంచి మనిషి మీద ఆధారపడిన హక్కు ఆ మనిషితోనే పోతుందని ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ దొరకదు.

కొలంబోలో

సుమంగళ థేరో అప్పటికే డెబ్బై దాటిన పెద్దాయన. 1873లో కొలంబో మాళిగాకందలో విద్యోదయ పరివేణ స్థాపించిన పండితుడు. అదే ఏడాది పానదురలో క్రైస్తవులకూ బౌద్ధులకూ మధ్య జరిగిన పేరుపొందిన వాదంలో బౌద్ధుల పక్షాన నిలిచినవాడు. పాళీ, సంస్కృతం నేర్చుకోవడానికి దేశదేశాల నుంచి ఆయన దగ్గరికి విద్యార్థులు వచ్చేవాళ్లు.

అలాంటి మనిషి ముందు, తన దేశంలో బ్రాహ్మణ వీధిలో నడవడానికి కూడా వీల్లేని వ్యక్తి కూర్చున్నారు. శరణాలు చెప్పించుకున్నారు, శీలాలు తీసుకున్నారు. అంతకుముందు పండితర్ దగ్గరున్నది పాత గ్రంథాల నుంచి తాను తీసిన వాదం. ఇప్పుడు ఆ వాదానికి వేల ఏళ్ల పరంపర ఉన్న సంఘం నుంచి ఆమోదం దొరికింది. ఊళ్లో ఎవరైనా నీకెవరిచ్చారీ మతం అని అడిగితే చెప్పడానికి ఒక పేరు దొరికింది.

ఇక్కడ ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. సింహళ బౌద్ధ సంఘంలోనూ కులం ఉంది. సుమంగళ థేరో సియం నికాయకు చెందినవారు. ఆ నికాయలో ఉపసంపద అందేది గొయిగమ అనే పైకులం వాళ్లకే. దాన్ని భరించలేక తక్కువ కులాల వాళ్లు బర్మా వెళ్లి ఉపసంపద తెచ్చుకుని 19వ శతాబ్దం మొదట్లోనే అమరపుర నికాయను పెట్టుకున్నారు. కులం లేని ధర్మం కోసం సముద్రం దాటిన పండితర్ కూర్చున్నది కులాన్ని పూర్తిగా వదిలించుకోని సంఘం ముందే.

అయినా ఆ ప్రయాణం వృథా కాలేదు. పండితర్ తెచ్చుకున్నది సింహళ సంఘం ఆచారాలను కాదు, బుద్ధుడి మాటను. గురువు దగ్గర తీసుకోవలసింది తీసుకుని, గురువు చుట్టూ ఉన్న వ్యవస్థను అక్కడే వదిలేసి వచ్చారు. ఆయన నుంచి మనం నేర్చుకోవలసింది ఇది.

రాయపేటలో ఒక ఇల్లు

తిరిగొచ్చాక 1898లోనే రాయపేటలో శాక్య బౌద్ధ సంఘం పెట్టారు. కొన్నేళ్లకు దాని శాఖలు మద్రాసు దాటి వెళ్లాయి. బెంగుళూరు, కోలార్ బంగారు గనులు, సముద్రాల అవతల రంగూన్, దక్షిణాఫ్రికా, ఇలా మద్రాసు కూలీలు ఎక్కడికి వలస వెళ్తే అక్కడికి సంఘం వెళ్లింది. గనిలోకి దిగే కార్మికులు, రైల్వేలో, పట్టాలాల్లో పనిచేసేవాళ్లు, దొరల ఇళ్లలో వంటవాళ్లు సభ్యులయ్యారు. పెళ్లికి, చావుకు బ్రాహ్మణుడి అవసరం లేకుండా బౌద్ధ పద్ధతులు వచ్చాయి. విహారం పక్కనే బడి ఉండేది.

కోలార్ గనులకు కూలీలు ఎక్కువగా వెళ్లింది అప్పటి ఉత్తర ఆర్కాడు జిల్లా నుంచి. మన చిత్తూరు ప్రాంతం 1911 దాకా ఆ జిల్లాలోనే ఉండేది. ఆ గనుల్లో తమిళంతో పాటు తెలుగు కూడా వినిపించేది. మారికుప్పంలో, చాంపియన్ రీఫ్‌లో పనిచేసిన బౌద్ధ సంఘాల చరిత్ర మన సరిహద్దు పక్కనే జరిగిన చరిత్ర. మన విద్యార్థులు వెళ్లి వెతికితే ఇంకా ఎంతో దొరుకుతుంది.

వైద్యం మాత్రం ఆయన వదల్లేదు. రాయపేటలో ఆయన దగ్గరికి అన్ని కులాల వాళ్లూ వచ్చేవాళ్లు. తర్వాత కార్మిక నాయకుడిగా, గొప్ప తమిళ రచయితగా పేరు తెచ్చుకున్న తిరు.వి.క.కు చిన్నప్పుడు కాలు సరిగా పనిచేయకపోతే నయం చేసింది పండితరే. జబ్బు చేసినప్పుడు ఆ చేయి కావాలి, బాగయ్యాక ఆ చేయి అంటరానిది. ఈ లోకం తీరు మన మంత్రసానులను, మన నాటు వైద్యులను అడిగినా చెబుతారు.

1907 జూన్ 19న ఒరు పైసా తమిళన్ అనే వారపత్రిక మొదలైంది. పేరులోనే ధర ఉంది, ఒక్క పైసా. కూలికి వెళ్లేవాడు కూడా కొనగలగాలని ఆ ధర. ఏడాది తర్వాత పేరు తమిళన్‌గా మారింది. 1914 మే 5న చనిపోయేదాకా ఆయన దాన్ని వదల్లేదు. బుద్ధుడి జీవితాన్ని ఆదివేదం పేరుతో, దేశ చరిత్రను ఇంద్రర్ దేశ చరిత్రం పేరుతో అందులో ధారావాహికగా రాశారు. స్వదేశీ ఉద్యమాన్ని నిలదీశారు. సాటి మనిషిని బావి దగ్గరికి రానివ్వని వాళ్లు తెల్లవాడి దగ్గర సమానత్వం ఎలా అడుగుతారన్నది ఆయన ప్రశ్నల సారం. బ్రాహ్మణుడు అనే మాటకు కూడా ఆయన కొత్త అర్థం చెప్పారు. శీలంతో, జ్ఞానంతో ఆ స్థాయికి చేరినవాడు నిజమైన బ్రాహ్మణుడు, పుట్టుక చెప్పుకుని ఆ వేషం వేసుకున్నవాడు వేష బ్రాహ్మణుడు. పండుగలను కూడా వదల్లేదు. దీపావళి నాటి నూనె స్నానం వెనుక నువ్వుల నూనె కనిపెట్టిన బౌద్ధ భిక్షువుల కథ ఉందని రాశారు.

ఇవన్నీ చరిత్రకారుల పరీక్షకు నిలుస్తాయా? చాలావరకు నిలవవు. ఆయన చెప్పిన పదాల పుట్టుపూర్వోత్తరాల్లో ఊహ పాలు ఎక్కువ. ఈ మాట దాచకుండా చెప్పాలి. అయితే పురాణాలను చరిత్ర అని బడిలో చెప్పే దేశంలో, గతాన్ని వ్యాఖ్యానించే హక్కు మాకూ ఉందని ఒక అంటరానివాడు ప్రతి వారం అచ్చు వేసి చెప్పాడు. 1948లో అంబేద్కర్ కూడా అంటరానివాళ్లు బౌద్ధాన్ని వదలనందుకే వెలి అయ్యారన్న వాదాన్ని తన పద్ధతిలో, తన ఆధారాలతో ముందుకు తెచ్చారు. ఇద్దరి దారులు వేరు. చేరిన చోటు మాత్రం దగ్గర దగ్గరగా ఉంది.

తోటి బౌద్ధుడితో పేచీ

మద్రాసు బౌద్ధంలో మనం మరచిపోకూడని ఇంకో పేరు పోకల లక్ష్మీ నరసు. పేరులోనే తెలుగు వినిపించే ఈయన మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పేవారు. బౌద్ధ సారం గురించి 1907లో ఆయన ఇంగ్లీషులో రాసిన పుస్తకాన్ని 1948లో అంబేద్కర్ తన ముందుమాటతో మళ్లీ అచ్చు వేయించారు. ఆ రోజుల్లో మద్రాసు బౌద్ధ వర్గాల్లో మరో ముఖ్యుడు సింగారవేలు. 1923లో దేశంలో మొదటి మేడే జరిపిన కమ్యూనిస్టు నాయకుడు ఆయనే.

వీళ్లకూ పండితర్‌కూ పొసగలేదు. నరసుకు బౌద్ధం అంటే హేతువు, శాస్త్రం, మనుషులందరికీ పనికొచ్చే నీతి. పండితర్‌కు బౌద్ధం అంటే తన జనం పోగొట్టుకున్న ఇల్లు. ఒకాయన కథలను, పండుగలను పక్కన పెట్టమంటారు. ఇంకొకాయన ఆ కథల్లోనే మా చరిత్ర ఉందంటారు. బౌద్ధం మీద మాట్లాడే హక్కు ఎవరిది అన్న ప్రశ్న కూడా ఈ పేచీ అడుగున ఉంది. చదువుకున్న కులహిందూ బౌద్ధులదా, చెప్పులు లేకుండా ఆదివారం సభకు వచ్చే కూలీలదా?

మేం ఈ ఇద్దరిలో ఒకరిని ఎంచుకోమని చెప్పం. నరసు హేతువు లేకపోతే పండితర్ చరిత్ర కొత్త పురాణమైపోయే ప్రమాదం ఉంది. పండితర్ జనం లేకపోతే నరసు బౌద్ధం గ్రంథాలయంలోనే ఆగిపోతుంది. ఇద్దరి పనీ ఒక్క మనిషిలో కలవడానికి మనం అంబేద్కర్ దాకా ఆగాల్సి వచ్చింది.

పండితర్‌నీ ప్రశ్నించాలి

గురువులను ప్రశ్నించిన మనిషిని మనం ప్రశ్నించకుండా పూజిస్తే ఆయన దారికి ద్రోహం చేసినట్టే. తన జనాన్ని కులభేదం లేని ద్రావిడులని, పూర్వం బౌద్ధులని చెప్పే క్రమంలో పండితర్ ఇంకొందరిని పక్కకు నెట్టారు. చక్కిలియర్లు, తోటీలు, కురవలు లాంటి వాళ్లను తమతో కలిపి ఒకే గాటన కట్టవద్దని ఆయన వాదించారు. తమను శత్రువులు కుట్రతో కిందికి తోశారని, వాళ్లు మాత్రం సహజంగానే తక్కువ స్థితిలో ఉన్నవాళ్లని అర్థం వచ్చేలా రాశారు.

చక్కిలియర్లు అంటే ఇప్పటి అరుంధతియార్లు. తమిళనాడులో వాళ్లలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. చెప్పులు కుట్టిన, మలం ఎత్తిన ఆ చేతుల గురించి, సాటి అంటరానివాడు అలా రాయడం చదివితే మనసు చివుక్కుమంటుంది. అరుంధతియార్ రచయితలు ఈ విషయాన్ని గట్టిగా ఎత్తిచూపారు. వాళ్లు చెప్పింది న్యాయం. బౌద్ధం కులాన్ని కాదన్నదని నమ్మిన మనిషి, తన కింద ఉన్న మెట్టును మాత్రం అలాగే వదిలేశారు.

దండోరా విన్న నేల మనది. అంటరానితనంలోనే అంతరాలు ఉన్నాయని 1990ల నుంచి మాదిగ బిడ్డలు చెబుతూ వచ్చారు. తమిళనాడు 2009లో అరుంధతియార్లకు ఎస్సీ కోటాలో 3 శాతం వేరు చేసింది. 2024 ఆగస్టు 1న వర్గీకరణ చెల్లుతుందని సుప్రీంకోర్టు చెప్పింది. నూరేళ్ల కిందటి ఆ వాక్యాలు ఈ రోజు చదివితే, అన్నదమ్ముల మధ్య అపనమ్మకం ఎక్కడి నుంచి మొదలైందో కొంత అర్థమవుతుంది. పండితర్‌ను గౌరవిస్తూనే ఆ వాక్యాలు తప్పని చెప్పడం మాలలుగా, మాదిగలుగా, అందరిగా మన బాధ్యత.

మనకు మిగిలింది

ఇప్పుడు ప్రభుత్వాలు పండితర్‌ను గుర్తుచేసుకుంటున్నాయి. 2005లో తపాలా బిళ్ల వేశారు. తాంబరంలోని జాతీయ సిద్ధ వైద్య సంస్థ ఆసుపత్రికి ఆయన పేరు పెట్టారు. 2023లో చెన్నై గిండీలో స్మారక మండపం కట్టారు. సంతోషమే. కానీ విగ్రహానికి దండ వేయడం తేలిక. 1892లో ఆయన అడిగిన బడి, భూమి సంగతి ఏమైందని అడగడమే ఆయనకు నిజమైన నివాళి.

ఈ జీవితాన్ని చదివాక మాకు ఒక మాట అనిపించింది. పేరు ఇచ్చిన గురువును, పత్రిక పెట్టిన పాస్టర్‌ను, దారి చూపిన కల్నల్‌ను, శరణాలు చెప్పిన థేరోను పండితర్ అందరినీ గౌరవించారు. ఎవరి దగ్గరా ఆగిపోలేదు. ఎవరి దగ్గరికి వెళ్లినా ఒక ప్రశ్న వెంట తీసుకెళ్లారు: దీనివల్ల నా వాడకు ఏమొస్తుంది? ఏదో ఒకటి తెచ్చుకునే తిరిగొచ్చారు. ఒకచోట చదువు, ఒకచోట పత్రిక, ఒకచోట పేరు, ఒకచోట ధర్మం.

మన వాడల్లోకి ఇప్పుడు కూడా గురువులు వస్తున్నారు. బాబాలు, పాస్టర్లు, స్వాములు, భిక్షువులు, కొన్నిసార్లు అంబేద్కర్ పేరు చెప్పుకుని వచ్చే నాయకులు కూడా. చేతులు జోడించి నమస్కరించడంలో తప్పు లేదు. వాళ్ల ముందు కూర్చున్నప్పుడు పండితర్ అడిగిన ప్రశ్న మన దగ్గర ఉండాలి. జవాబు రాకపోతే లేచి వచ్చేయడానికి కాళ్లు కూడా ఉండాలి. మన కింద మెట్టు మీద ఉన్నవాళ్లు మన గడప దగ్గరికి వచ్చి అదే ప్రశ్న అడిగితే, జవాబు చెప్పడానికి మనమూ సిద్ధంగా ఉండాలి.